మానసిక చికిత్స తీసుకుంటే తుపాకీ లైసెన్సు పోతుందా?

క్లుప్తంగా: సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లినంత మాత్రాన, మందులు వాడినంత మాత్రాన మన దేశంలో తుపాకీ లైసెన్సు రాకుండా పోదు, ఉన్నది రద్దు కాదు. ఈ మనిషి చేతిలో ఆయుధం ఇవాళ ప్రమాదమా అన్నదే చట్టం అడిగే ప్రశ్న. గతంలో చేయించుకున్న వైద్యాన్ని ఒక్కదాన్నే పట్టుకుని ఎవరి మీదా ముద్ర వేయకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. అయితే తుది నిర్ణయం అధికారి విచక్షణతో ముడిపడి ఉంది కాబట్టి జనంలో భయం పోలేదు. ఆ భయంతో వైద్యానికి దూరంగా ఉండటం వల్లే ఎక్కువ నష్టం జరుగుతోంది.

సందేహం ఎవరికి, ఎందుకు

అమెరికాలో ఎక్కడ కాల్పులు జరిగినా మర్నాడు రెండు ప్రశ్నలు వస్తాయి. కాల్చినవాడి మానసిక స్థితి ఏమిటి, వాడి చేతికి తుపాకీ ఎలా వచ్చింది? ఆ చర్చలను తెలుగు చానళ్లలో చూసినవారు ఇక్కడి చట్టం కూడా అలాంటిదే అనుకుంటారు. ‘పిచ్చి మందులు’ వాడేవాడికి తుపాకీ ఇవ్వరట అన్న మాట అలాగే వ్యాపించింది.

కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతంలో లైసెన్సు తుపాకీ అనగానే ఫ్యాక్షన్ రోజులు గుర్తొస్తాయి. కానీ జనానికి రోజూ కంటపడేది బ్యాంకు గుమ్మం దగ్గరి తుపాకీ. స్టూలు మీద కూర్చున్న గార్డు, మోకాళ్ల మీద రెండు గొట్టాల 12 బోరు తుపాకీ, నడుముకు తూటాల బెల్టు. ఆ కుర్చీలో తరచుగా కనిపించేది సైన్యంలో పనిచేసి ఊరికి తిరిగొచ్చిన మనిషి. సొంత లైసెన్సు, సొంత తుపాకీ ఉంటేనే చేర్చుకునే కొలువులు కొన్ని ఉన్నాయి. అలాంటివారికి లైసెన్సు పోవడమంటే నెల జీతం పోవడమే. రాత్రిళ్లు నిద్ర పట్టకపోయినా, పాత సంఘటనలు కలల్లోకి వచ్చి ఉలిక్కిపడి లేస్తున్నా, పెద్దాసుపత్రిలో ఓపీ చీటీ మీద ‘సైకియాట్రీ’ అని రాయించుకోవడానికి వెనకాడతారు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌కు వెళ్లేవారిలో కూడా ఊళ్లో తెలియకూడదని దూరం పోయేవారు ఉంటారు.

వీరు కాక, అడవి అంచు పల్లెల్లో అడవి పందుల నుంచి వేరుశనగ చేలను కాపాడుకోవడానికి లైసెన్సు తీసుకున్న రైతులు, పాత కక్షల కారణంగా ఆత్మరక్షణకు తీసుకున్నవారు ఉన్నారు. సందేహం అందరిదీ ఒకటే.

1959 చట్టం చెప్పేది

అమెరికా పౌరుడికి తుపాకీ రాజ్యాంగం ఇచ్చిన హక్కు. మన దగ్గర అది సర్కారు ఇచ్చే అనుమతి. 2023లో ఒక కేసు విచారిస్తూ సుప్రీంకోర్టు ఈ తేడాను ప్రత్యేకంగా ప్రస్తావించింది. 1959 నాటి ఆయుధాల చట్టం సెక్షన్ 3 ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ కొనకూడదు, ఉంచుకోకూడదు.

ఎవరికి ఇవ్వకూడదన్న విషయాన్ని చట్టం రెండు చోట్ల చెబుతుంది. సెక్షన్ 9లో ఉన్నది నేరుగా నిషేధం. 21 ఏళ్లు నిండనివారు, హింసతోనో నీతిబాహ్యమైన ప్రవర్తనతోనో ముడిపడిన నేరంలో జైలు శిక్ష పడి, ఆ శిక్ష ముగిసి 5 ఏళ్లు కానివారు, శాంతిభద్రతల కోసం బాండు రాసిచ్చి ఆ గడువులో ఉన్నవారు ఇందులోకి వస్తారు. వీరి విషయంలో అధికారి ఆలోచించాల్సిందేమీ లేదు. ఈ జాబితాలో మానసిక వ్యాధి లేదన్నది గమనించాల్సిన సంగతి.

మానసిక స్థితి ప్రస్తావన సెక్షన్ 14లో వస్తుంది. దరఖాస్తుదారు మతిస్థిమితం లేని వ్యక్తి అని నమ్మడానికి కారణం ఉంటే లైసెన్సింగ్ అధికారి తిరస్కరించాలి. ఆ పక్కనే ‘ఏ కారణం చేతనైనా లైసెన్సుకు తగని వ్యక్తి’ అన్న విశాలమైన మాట కూడా ఉంది. సెక్షన్ 17 ఇవే కారణాలను ఇప్పటికే ఉన్న లైసెన్సులకు వర్తింపజేస్తుంది. వాటి ఆధారంగా లైసెన్సును సస్పెండ్ చేయొచ్చు, రద్దు చేయొచ్చు.

చిక్కు ఇక్కడే ఉంది. మతిస్థిమితం లేకపోవడం అంటే ఏమిటో ఆయుధాల చట్టం ఎక్కడా నిర్వచించలేదు. ఆ చట్టం వచ్చేనాటికి దేశంలో మానసిక రోగుల విషయంలో అమల్లో ఉన్నది 1912 నాటి లూనసీ చట్టం. డిప్రెషన్‌కు మాత్రలు వేసుకుంటూ పొలం పనో ఆఫీసు పనో మామూలుగా చేసుకునే మనిషి ఆనాటి చట్టకర్తల ఊహలో లేడు. దాంతో ఒక అధికారి ఈ మాటను సంకుచితంగా, మరొకరు విశాలంగా చదివే వీలు ఏర్పడింది.

2017 చట్టం గీసిన గీత

ఆ ఖాళీని చాలావరకు పూడ్చింది మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న ఈ చట్టంలో సెక్షన్ 3 చదవాల్సినది. మానసిక ఆసుపత్రిలో గతంలో చికిత్స పొందడం, చేరి ఉండటం పరిగణించదగిన విషయమే అయినా, దాన్ని ఒక్కదాన్నే ఆధారం చేసుకుని ఆ మనిషికి ఇప్పుడు మానసిక వ్యాధి ఉందని తేల్చకూడదని నాలుగో ఉపసెక్షన్ చెబుతుంది. వ్యాధి ఉందని తేలినా, తగిన అధికారం ఉన్న కోర్టు ప్రకటిస్తే తప్ప అతన్ని మతిస్థిమితం లేని వ్యక్తిగా భావించకూడదని ఐదో ఉపసెక్షన్ చెబుతుంది. వేరే చట్టాల్లో దీనికి విరుద్ధమైనది ఏదైనా ఉంటే ఈ చట్టానిదే పైచేయి అని సెక్షన్ 120 స్పష్టం చేసింది.

ఈ మూడింటినీ కలిపి చదివితే, ‘సైకియాట్రిస్టు చీటీ ఉంది కాబట్టి మతిస్థిమితం లేనట్టే’ అని ఫైలు మీద రాసే అవకాశం అధికారికి లేదు. అలాగని ఆయన చేతులు పూర్తిగా కట్టేసినట్టూ కాదు. ‘ఏ కారణం చేతనైనా తగని వ్యక్తి’ అన్న మాట అలాగే ఉంది. చంపుతానని బెదిరించడం, మత్తులో ఆయుధం తీసి ఊపడం, ఎవరో వెంటాడుతున్నారన్న గట్టి భ్రమలో ఉండటం వంటి ఇప్పటి ప్రవర్తనను ఆయన లెక్కలోకి తీసుకోవచ్చు, తీసుకోవాలి కూడా. ఆరేళ్ల కింద బిడ్డ పోయిన దుఃఖంలో కొన్ని నెలలు మాత్రలు వాడిన తండ్రిని, నిన్న రాత్రి భార్య మీద తుపాకీ ఎత్తిన మనిషిని ఒకే గాటన కట్టకూడదన్నది ఈ గీత సారాంశం. రెండోవాడు ఏ వైద్యుడి ముఖమూ చూసి ఉండకపోవచ్చు.

కలెక్టరేట్‌లో ఫైలు నడిచే దారి

పోలీసు కమిషనరేట్లు ఉన్న నగరాల్లో కమిషనర్ లైసెన్సు ఇస్తారు. రాయలసీమ ఈ భాగంలో కమిషనరేట్లు లేవు కాబట్టి ఆ అధికారం జిల్లా మెజిస్ట్రేట్ హోదాలో కలెక్టర్‌ది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక హిందూపురం వాసి ఫైలు అనంతపురం కాకుండా పుట్టపర్తిలో, ఆళ్లగడ్డ వాసి ఫైలు కర్నూలు కాకుండా నంద్యాలలో నడుస్తోంది. దరఖాస్తు మీద స్థానిక స్టేషన్ విచారణ జరుగుతుంది. కేసులు, కక్షలు, ఊళ్లో నడవడిక, నిజంగా ప్రాణభయం ఉందా అన్నవి చూసి నివేదిక పైకి పంపుతారు. మంజూరైన ప్రతి లైసెన్సుకూ జాతీయ డేటాబేస్‌లో ఒక విశిష్ట సంఖ్య ఉంటుంది.

2016 ఆయుధాల నిబంధనల ప్రకారం దరఖాస్తుతో వైద్య ధ్రువపత్రం జతచేయాలి. మానసికంగా, శారీరకంగా ఆరోగ్యంగా ఉన్నట్టు, మత్తు పదార్థాలకు బానిస కానట్టు అందులో ప్రత్యేకంగా ఉండాలి. మానసిక ఆరోగ్యం, ఆయుధం ఎదురుపడే ఘట్టం మొత్తం ప్రక్రియలో ఇదే. ఇక్కడే అది బలహీనంగా ఉంది. ఒక్కరోజు పరీక్షలో బీపీ, చూపు, వినికిడి తెలుస్తాయి. ముభావంగా కూర్చుని ‘బాగున్నా సార్’ అన్న మనిషి లోపల ఏం నడుస్తోందో పది నిమిషాల్లో తెలియదు. అతనికి మద్యం అలవాటు ఎంతదాకా పోయిందో ఇంట్లో ఆడవాళ్లకు తెలిసినంత ఆ డాక్టరుకు తెలియదు.

దీన్ని రెండోవైపు నుంచి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. ఏళ్లుగా ఒకే సైకియాట్రిస్టు దగ్గర చూపించుకుంటున్న మనిషి గురించి ఆ వైద్యుడు ఇవ్వగల సమాచారం ఎక్కువ. వ్యాధి ఏమిటి, అదుపులో ఉందా, మందులు సరిగా వాడుతున్నాడా, ఎప్పుడైనా ఆత్మహత్య ఆలోచనలు చెప్పాడా అన్నవన్నీ ఆ ఫైల్లో ఉంటాయి. చికిత్సలో ఉన్నవాడి కంటే అసలు చికిత్సే ముట్టనివాడి గురించే అధికారికి తెలిసేది తక్కువ. అయినా జనం మనసులో అనుమానం మొదటివాడి మీదే ఉంటుంది.

ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ లైసెన్సు గడువును 3 ఏళ్ల నుంచి 5 ఏళ్లకు పెంచింది. ఒక్కరి దగ్గర ఉండగల తుపాకులను 3 నుంచి 2కు తగ్గించింది. గడువు పెరగడం వల్ల కలెక్టరేట్ చుట్టూ తిరిగే పని తగ్గింది గానీ, మనిషి ఎలా ఉన్నాడని రెన్యువల్ పేరుతో చూసే సందర్భమూ ఆ మేరకు దూరమైంది. 5 ఏళ్లలో మనిషి జీవితంలో చాలా మారుతుంది.

బైండోవర్ సంగతి

రాయలసీమలో తుపాకీకి అసలు అడ్డం ఏమిటో తెలియాలంటే ఆసుపత్రి కంటే తహసీల్దార్ ఆఫీసు వైపు చూడాలి. గొడవలు జరగొచ్చని అనుమానం ఉన్న ఊళ్లలో ఇరువర్గాలను ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్ ముందు హాజరుపరిచి బాండు రాయించుకోవడం ఇక్కడ ప్రతి ఎన్నికకూ కనిపించే దృశ్యం. ఇదివరకు నేర విచారణ స్మృతి 8వ అధ్యాయం కింద, 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత కింద ఈ బైండోవర్లు జరుగుతున్నాయి. బాండు రాసివ్వాలని ఆదేశం వచ్చిందంటే ఆ గడువు మొత్తం సెక్షన్ 9 నిషేధం వర్తిస్తుంది. డిప్రెషన్ చికిత్స విషయంలో ఇంత సూటి నిషేధం ఎక్కడా లేదు. అయినా బైండోవర్ అయిన మనిషి దాన్ని చావడి దగ్గర బాహాటంగానే చెప్పుకుంటాడు, మాత్రలు వాడే మనిషి డబ్బా దాచుకుంటాడు. పరువు లెక్కలు చట్టం లెక్కలకు ఇలా తలకిందులుగా ఉన్నాయి.

అమెరికా పద్ధతి ఎక్కడ వేరు

అమెరికాలో 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టం రెండు వర్గాలను నిషేధించింది. మానసిక కారణాలతో ప్రమాదకారి అనో, తన వ్యవహారాలు తాను చూసుకోలేడనో కోర్టు లేదా అలాంటి అధికారం ఉన్న వ్యవస్థ తేల్చినవారు ఒక వర్గం. ఇష్టం లేకున్నా చట్టప్రకారం మానసిక ఆసుపత్రిలో చేర్చినవారు రెండో వర్గం. తనంత తానుగా వెళ్లి చేరినవారికి, ఓపీలో చూపించుకునేవారికి, మందులు వాడేవారికి ఈ ఫెడరల్ నిషేధం లేదు. కొన్ని రాష్ట్రాలు మాత్రం తమ చట్టాల్లో అంతకంటే కఠినంగా ఉంటాయి. అంటే ‘చికిత్స తీసుకుంటే తుపాకీ పోతుంది’ అన్న మాట అమెరికా విషయంలో కూడా సరైంది కాదు.

తేడా పనితీరులో ఉంది. లైసెన్సు ఉన్న దుకాణంలో తుపాకీ కొనబోతే, 1998 నవంబరు నుంచి నడుస్తున్న ఎఫ్‌బీఐ తనిఖీ వ్యవస్థలో పేరు ఉందా లేదా అని చూస్తారు. పేరు లేకపోతే అమ్మకం సాగిపోతుంది. 2007లో వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో 32 మందిని చంపిన విద్యార్థిని అంతకుముందే ఒక కోర్టు తనకు తాను ప్రమాదకారి అని తేల్చి, చికిత్స తీసుకోవాలని ఆదేశించింది. ఆ సమాచారం తనిఖీ వ్యవస్థకు చేరలేదు. అతను తనిఖీ దాటుకునే తుపాకులు కొన్నాడు. ఆ తర్వాత రాష్ట్రాలు రికార్డులు పంపేలా ప్రోత్సహిస్తూ, కోలుకున్నవారు నిషేధం తొలగించుకునే మార్గం కూడా చూపుతూ 2008 జనవరిలో కొత్త చట్టం వచ్చింది.

ఇలా అమెరికాలో అంతా రికార్డు మీద నడుస్తుంది, మన దగ్గర అధికారి అంచనా మీద నడుస్తుంది. అక్కడ ఏది నిషేధమో ముందే తెలుసు కాబట్టి చికిత్సకు వెళ్లే మనిషికి స్పష్టత ఎక్కువ. కానీ రికార్డు లేని ప్రమాదకారికి తలుపు తెరిచే ఉంటుంది. ఇక్కడ ప్రతి దరఖాస్తునూ మనుషులు చూస్తారు, ఊళ్లో విచారిస్తారు. కానీ ఏ కారణంతో తిప్పికొడతారో ముందుగా తెలియదు. ఆసుపత్రుల ఓపీ రికార్డులు కలెక్టరేట్‌కు చేరే ఏర్పాటు మన చట్టంలో లేదు. ఉండకపోవడమే మంచిది. అలాంటి జాబితా పెట్టిన రోజు లైసెన్సు ఉన్నవారిలో ఒక్కరు కూడా సైకియాట్రీ ఓపీ గడప తొక్కరు.

మరో విషయంలో కూడా అమెరికా అనుభవం పనికొస్తుంది. అక్కడి పెద్ద సర్వేల ఆధారంగా వేసిన అంచనాల్లో, సమాజంలో జరిగే హింసలో తీవ్ర మానసిక వ్యాధులకు ఆపాదించగలిగింది సుమారు 4 శాతమే. కానీ తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలు. చికిత్స, తుపాకీ అన్న రెండు మాటలూ కలిసినప్పుడు ఎదుటివారి ప్రాణం కంటే ఆ మనిషి ప్రాణం గురించే ముందు ఆలోచించాలని ఈ అంకెలు చెబుతున్నాయి.

ఇంట్లో తుపాకీ, కుంగిపోతున్న మనిషి

ఆత్మహత్య ఆలోచన తీవ్రంగా ఉండే ఘడియ చాలాసార్లు కొద్దిసేపే ఉంటుంది. ఆ సమయంలో చేతికి ఏం అందిందన్నదే ప్రాణం నిలుస్తుందా లేదా అన్నది నిర్ణయిస్తుంది. తుపాకీతో చేసిన ప్రయత్నాల్లో పదింట సుమారు తొమ్మిది ప్రాణాంతకమే. మన దేశంలో ఆత్మహత్యల్లో తుపాకీ వాటా చాలా తక్కువ, ఉరి, విషం ఎక్కువ. అనంతపురం పల్లెలకు పురుగుమందు డబ్బా చేసిన నష్టం చెప్పక్కర్లేదు. ఆ డబ్బాను ఇంట్లో ఉంచకుండా తాళం వేసిన చోట పెట్టమని చెప్పడం వెనుక ఉన్న తర్కమే లైసెన్సు తుపాకీకీ వర్తిస్తుంది. ఆయుధాన్ని భద్రంగా తాళంలో ఉంచుతానని లైసెన్సుదారు హామీ ఇవ్వాలని 2016 నిబంధనలు ఎలాగూ కోరుతున్నాయి.

అమెరికాలో ‘రెడ్ ఫ్లాగ్’ చట్టాలని పిలిచేవి ఈ ఘడియ కోసం పుట్టినవే. కనెక్టికట్ 1999లో మొదట తెచ్చింది, ఫ్లోరిడా 2018లో తెచ్చింది. మనిషి ప్రమాదంలో ఉన్నాడని కోర్టు నమ్మితే కొంతకాలం తుపాకులు తీసి ఉంచుతారు. కనెక్టికట్ మీద జరిగిన అధ్యయనం ప్రతి 10 నుంచి 20 స్వాధీనాలకు ఒక ఆత్మహత్య తప్పి ఉంటుందని అంచనా వేసింది. ఇందులో కేసు పెట్టడం, ముద్ర వేయడం లేవు. గండం గడిచేదాకా ఆయుధం వేరే చోట ఉంటుంది, అంతే.

ఇలాంటి అధికారం మన చట్టంలో 1959 నుంచే ఉందని తెలిసినవారు తక్కువ. ఫలానా మనిషి దగ్గర ఆయుధం ఉండనిస్తే ప్రజల శాంతికో భద్రతకో ప్రమాదమని జిల్లా మెజిస్ట్రేట్ నమ్మితే, కారణాలు రాసి, ఇల్లు సోదా చేయించి ఆయుధాన్ని అవసరమైనంత కాలం భద్రపరచొచ్చని సెక్షన్ 22 అంటుంది. లైసెన్సు సక్రమంగా ఉన్నా సరే. అయితే దీని చూపు ప్రజల భద్రత మీద ఉంది, ఒంటరిగా కుంగిపోయే మనిషి మీద లేదు. కుటుంబం దరఖాస్తు పెట్టుకునే సులువైన పద్ధతి అందులో రాయలేదు. ఈ లోటు పూడ్చాల్సినది.

ఈలోగా చేయగలిగిన పని చిన్నదే. ఎన్నికల సమయంలో లైసెన్సు తుపాకులు స్టేషన్‌లో జమచేసి, తర్వాత రసీదు చూపి తెచ్చుకోవడం ఈ జిల్లాల్లో అందరికీ అలవాటు. మనిషి బాగోలేనప్పుడు కూడా ఇంట్లోవాళ్లు నచ్చజెప్పి తుపాకీని స్టేషన్‌లోనో, లైసెన్సు ఉన్న డీలర్ దగ్గరో భద్రపరచడానికి మాట్లాడొచ్చు. వైద్యుడు రోగి వివరాలు గోప్యంగా ఉంచాలి. కానీ ఎదుటివారిని హాని నుంచి కాపాడటానికో, ప్రాణాపాయం తప్పించడానికో అవసరమైనంత మేరకు చెప్పడానికి 2017 చట్టం సెక్షన్ 23 అనుమతిస్తుంది. మాట్లాడే మనిషి కావాలంటే 14416 నంబరులో ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ రోజంతా పనిచేస్తుంది.

భయం చేసే చేటు

2015–16లో నిమ్హాన్స్ ఆధ్వర్యంలో జరిగిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో పెద్దల్లో సుమారు 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. సమస్యను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. లైసెన్సు ఉన్నవారు ఈ లెక్కకు బయట ఏమీ లేరు. పైగా వారికి భయపడేందుకు ఇంకో కారణం తోడైంది. భయంతో మందు మానేసిన గార్డు తుపాకీ వదలడు, తుపాకీతోనే డ్యూటీకి వస్తాడు. అంటే లైసెన్సు విధానం కాపాడాలనుకున్న భద్రతను ఆ విధానం గురించిన పుకారే దెబ్బతీస్తోంది. కలెక్టరేట్ దరఖాస్తు పత్రంతో పాటు ‘చికిత్స తీసుకోవడం అనర్హత కాదు’ అన్న ఒక్క వాక్యం తెలుగులో అచ్చువేసి ఇస్తే ఈ పుకారు చాలావరకు తగ్గుతుంది. గార్డులను పెట్టుకునే సంస్థలు కూడా చికిత్స కాలంలో ఆయుధం లేని డ్యూటీ ఇవ్వగలిగితే, జీతమా వైద్యమా అని తేల్చుకోవాల్సిన అవస్థ ఉండదు.

నోటీసు వస్తే

చికిత్స కారణంగా లైసెన్సు నిరాకరించినా, రద్దు చేసినా అధికారి కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలి. ప్రజాప్రయోజనానికి విరుద్ధమని భావిస్తే తప్ప అడిగినప్పుడు వాటిని క్లుప్తంగా తెలియజేయాలి. ఆయుధాల చట్టం సెక్షన్ 18 కింద పై అధికారికి అప్పీలు ఉంది. జవాబులో 2017 చట్టం సెక్షన్ 3ను ప్రస్తావించడం, వైద్యం చేస్తున్న సైకియాట్రిస్టు నుంచి ఇప్పటి పరిస్థితి మీద లేఖ జతచేయడం ఉపయోగపడతాయి. దరఖాస్తులో అడిగిన ఆరోగ్య విషయాన్ని దాచడం మాత్రం ప్రమాదం. ముఖ్యమైన సమాచారం దాచి లైసెన్సు పొందారన్నది ఆయుధాల చట్టం సెక్షన్ 17లో రద్దుకు విడిగా ఒక కారణం. సస్పెన్షన్ లేదా రద్దు ఉత్తర్వు అందితే అప్పీలు తేలేదాకా తుపాకీ ఇంట్లో ఉంచుకోకూడదు. సెక్షన్ 21 ప్రకారం ఆలస్యం చేయకుండా దగ్గరి స్టేషన్‌లోనో, డీలర్ దగ్గరో జమచేసి రసీదు తీసుకోవాలి. లేకపోతే లైసెన్సు లేని ఆయుధం కింద కేసవుతుంది. 2019 సవరణ తర్వాత మామూలు తుపాకీ విషయంలో కూడా ఆ నేరానికి కనీస శిక్ష 2 ఏళ్లు, గరిష్ఠంగా 5 ఏళ్లు.